దూరానికి ధర: లాంగ్ రేంజ్ వేట రైఫిల్ లెక్క ఎక్కడ పెరుగుతుంది, విశాఖలో ఎందుకు ఆగిపోతుంది

క్లుప్తంగా: అమెరికాలో విడిభాగాలు ఎంచుకుని కట్టించుకునే (కస్టమ్) లాంగ్ రేంజ్ వేట రైఫిల్‌కు స్కోప్ (గురి చూసే దుర్భిణి), రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం)తో కలిపి సుమారు 5,300 నుంచి 10,000 డాలర్లు అవుతుంది. డాలరుకు 88 రూపాయలు వేసుకుంటే 4.7 లక్షల నుంచి 8.8 లక్షలు. అందులో సగానికి కాస్త తక్కువ తుపాకీ మీద కూర్చునే అద్దాలకు, చుట్టూ ఉండే సరంజామాకు పోతుంది. 300 గజాల లోపు వేటకు 600-1,000 డాలర్ల ఫ్యాక్టరీ రైఫిల్ సరిపోతుంది. ఆపైన పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ఫలితం తగ్గుతూ పోతుంది. మన దేశంలో ఆయుధాల చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండూ అడ్డుగా ఉన్నందున ఎంత డబ్బున్నా ఇలాంటి రైఫిల్ కట్టించుకోవడం కుదరదు.

రెండు ధరలూ నిజమే

టెక్సస్‌లో ఉన్న బంధువు 700 డాలర్లకు జింకల వేట రైఫిల్ కొన్నానంటాడు. అదే ఊళ్లో ఇంకొకాయన అదే తూటా పేల్చే రైఫిల్‌కు 8,000 డాలర్లు పోశానంటాడు. వీడియోల్లోనూ ఇవే అంకెలు. విశాఖపట్నంలో కూర్చుని ఈ మాటలు వినేవారికి రెండు అనుమానాలు వస్తున్నాయి. పదింతల తేడా దేనికి? అంత పెట్టగలిగితే ఇక్కడా అలాంటిది చేయించుకోవచ్చా? మొదటి దానికి జవాబు లెక్కల్లో దొరుకుతుంది. రెండోదానికి చట్టంలో వెతకాలి.

రెండు రైఫిళ్లూ బోల్ట్ లాగి ఒక్కో తూటా పేల్చే రకమే. ఒకప్పుడు మంచి గురి కావాలంటే గన్‌స్మిత్ (తుపాకులు చేసే పనివాడు) దగ్గర కట్టించుకోక తప్పేది కాదు. కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు, సుత్తి దెబ్బలతో బ్యారెల్ లోపలి గాట్లను నిమిషాల్లో అచ్చువేసే పద్ధతి వచ్చాక ఆ పరిస్థితి మారింది. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా, అమెరికాలోని రూగర్, స్పెయిన్‌లోని బెర్గారా వంటి కంపెనీల మామూలు రైఫిళ్లే ఇవాళ పాత తరం కస్టమ్ తుపాకులతో పోటీపడుతున్నాయి. 2007లో హార్నడీ సంస్థ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ లాంటి తూటాలు ఈ మార్పుకు ఊతమిచ్చాయి. గాలిని తక్కువ నిరోధంతో చీల్చుకుపోయే సన్నని పొడవాటి గుండు, భుజానికి తక్కువ దెబ్బ, అంగడిలో దొరికే తూటాల్లోనే మంచి నాణ్యత వీటిలో కలిసొచ్చాయి.

మరి కస్టమ్ రైఫిల్ ఎందుకు బతికి ఉన్నట్టు? దూరం కోసం.

కురుసుర పొడవున ఒక కోణం

రైఫిల్ గురిని కోణంలో కొలుస్తారు. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. అమెరికన్ షూటర్లు కొలమానంగా వాడే వంద గజాలు 91.44 మీటర్లు. అంటే జలాంతర్గామి ముక్కు దగ్గర నిలబడి తోక దగ్గర పెట్టిన కాగితాన్ని చూసినంత దూరమన్నమాట. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం, షూటర్ల భాషలో ఒక ఎంఓఏ, ఆ కాగితం మీద 2.66 సెంటీమీటర్ల వెడల్పవుతుంది. పది రూపాయల నాణెం వ్యాసం కన్నా రవ్వంత తక్కువ. ఐదు తూటాలూ ఆ వెడల్పులో పడితే అది మంచి రైఫిలే.

అదే కోణం 500 గజాల దగ్గర 13.3 సెంటీమీటర్లవుతుంది. జింకను బాధ పెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టాలంటే గుండె, ఊపిరితిత్తులు ఉండే 20-25 సెంటీమీటర్ల ప్రాంతంలోనే గుండు తగలాలి. కాగితం మీద లెక్క సరిపోయినట్టే ఉంది. అసలు చిక్కు ఏమిటంటే ఆ కోణం రైఫిల్ ఒక్కదాని తప్పు. పట్టుకున్న మనిషి తప్పు వేరే ఉంటుంది.

ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడి, ఆ మొత్తానికి వర్గమూలం వస్తుంది. కొండవాలు మీద బోర్లా పడుకుని, ఆయాసంతో గురి పెట్టే వేటగాడి తప్పు రెండు ఎంఓఏ అనుకుందాం. రైఫిల్ తప్పు ఒకటి. మొత్తం 2.24. ఇప్పుడు నాలుగింతల డబ్బు పోసి రైఫిల్ తప్పును సగానికి, అంటే అర ఎంఓఏకు తగ్గించారు. మొత్తం 2.06. మెరుగుదల ఎనిమిది శాతం. 500 గజాల దగ్గర దాదాపు 30 సెంటీమీటర్లుగా చెదిరే తూటాలు 27 సెంటీమీటర్లకు దగ్గరపడతాయి, అంతే. అదే మనిషి సాధన చేసి తన తప్పును రెండు నుంచి ఒకటికి దించుకుంటే, పాత ఫ్యాక్టరీ రైఫిల్‌తోనే మొత్తం 1.41కి వస్తుంది. కస్టమ్ రైఫిల్ ధర గురించి జరిగే వాదనల్లో సగం ఈ ఒక్క లెక్క దగ్గరే తేలిపోవాల్సినవి. విడిభాగాలు అమ్మేవారు మాత్రం దీన్ని పెద్దగా చెప్పరు.

బిల్లు విప్పితే

రైఫిల్‌కు గుండెకాయ యాక్షన్. తూటాను లోపలికి తోసి, బిగించి, పేలాక ఖాళీ గుల్లను బయటికి లాగే యంత్రాంగం ఇది. చేతిపనివారి కోసం ప్రత్యేకంగా చేసే యాక్షన్‌కు 1,000 నుంచి 1,700 డాలర్లు. ఇక్కడ ఓ పాత కథ ఉంది. రెమింగ్టన్ కంపెనీ 1962లో మోడల్ 700 తెచ్చింది. అది ఎంతగా పాకిందంటే దాని కింది భాగం ఆకారం, స్క్రూల ఎడం, ట్రిగ్గర్ కూర్చునే తీరు పరిశ్రమ మొత్తానికి కొలతబద్దలయ్యాయి. 2018లో ఒకసారి, 2020లో మరోసారి కంపెనీ దివాలా తీసింది గానీ కొలతలు మిగిలాయి. ఒకరి యాక్షన్, ఇంకొకరి స్టాక్ (భుజానికి ఆనించే దిమ్మ), మూడోవారి ట్రిగ్గర్ తెచ్చి కలిపితే అతికినట్టు కూర్చునేది అందుకే. కస్టమ్ రైఫిల్ వ్యాపారం నిలబడింది ఈ ఉమ్మడి కొలతల మీదే. లేకుంటే ప్రతి భాగాన్నీ ఆ ఒక్క తుపాకీ కోసమే చేయించుకోవాల్సి వచ్చేది, ధర ఇంకా పైకి పోయేది.

తర్వాతది బ్యారెల్. ఉక్కు నగరంలో ఉండేవారికి వింతగా తోచవచ్చు గానీ, బ్యారెల్ ధరలో ఉక్కు ధర చిన్న వాటా. కొనేవారు డబ్బిచ్చేది రంధ్రానికి! అరవై, డెబ్బై సెంటీమీటర్ల పొడవునా ఆ రంధ్రం వ్యాసం కొన్ని మైక్రాన్లకు మించి తేడా రాకూడదు. లోపల మెలికలు తిరిగే గాట్లు అంతటా ఒకే లెక్కన తిరగాలి. గాట్లను ఒక్కో పొర చొప్పున కోస్తూ పోయే పాత పద్ధతికి గంటలు పడుతుంది కాబట్టి అలాంటి బ్యారెల్‌కు 400-500 డాలర్లు. ఉక్కును పలచన చేసి చుట్టూ కార్బన్ ఫైబర్ చుడితే 900 నుంచి 1,000. కార్బన్ చుట్టించడం వల్ల గురి బాగుపడుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. అక్కడ ప్రధానంగా తగ్గేది బరువు. కొండలెక్కే వేటగాడికి అది విలువైనదే, బల్ల మీద పెట్టి కాల్చేవాడికి దండగ.

ఎంత కచ్చితత్వం అవసరమో తెలియాలంటే ఒక అంకె చాలు. 6.5 క్రీడ్‌మూర్ బ్యారెల్‌లోని గాట్లు ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయటపడే గుండు ఆ లెక్కన నిమిషానికి 2.4 లక్షల సార్లు గిర్రున తిరుగుతూ ఉంటుంది. బ్యారెల్ మూతి అంచులో కంటికి కనపడని వంకర ఉన్నా, వెనక నుంచి తన్నుకొచ్చే వాయువు గుండును ఒక పక్కకు తోస్తుంది. గన్‌స్మిత్ తీసుకునే 450-600 డాలర్ల కూలి ఈ మూతిని, తూటా కూర్చునే గదిని, బ్యారెల్ యాక్షన్‌లో బిగిసే మరలను ఒకే అక్షం మీదకు తేవడానికి.

ఈ కూలి మీదే ఇప్పుడు పెద్ద దెబ్బ పడుతోంది. కొత్త తరం యాక్షన్‌లు ఒకదానికొకటి తేడా లేనంత కచ్చితంగా వస్తుండటంతో, తూటా గది ముందే కోసిన రెడీమేడ్ బ్యారెళ్లు అమ్ముతున్నారు. కొనుక్కున్నవారే బిగించుకోవచ్చు. నెలల తరబడి గన్‌స్మిత్ దగ్గర వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. చేయి తిరిగిన పనివారికి గిరాకీ పూర్తిగా పోదు గానీ, మధ్యతరగతి కొనుగోలుదారు వారి నుంచి జారిపోతున్నాడు. కస్టమ్ రైఫిల్ కనీస ధర పెరగకుండా పట్టి ఉంచుతున్న కారణాల్లో ఇదొకటి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. స్టాక్ 600 నుంచి 1,200 డాలర్లు. ట్రిగ్గర్ 175-300. తూటాలుండే మ్యాగజైన్, దాని చట్రం కలిపి 150-250. తుప్పు పట్టకుండా వేసే పూత 200-300. తుపాకీ వరకు మొత్తం 3,000 నుంచి 5,400 డాలర్ల మధ్య తేలుతుంది.

అద్దాల ఖరీదు

కొత్తగా కొనేవారు పొరబడేది ఇక్కడే. ఉన్న డబ్బంతా తుపాకీకి పెట్టి, మిగిలిన చిల్లరతో స్కోప్ కొంటారు. లాంగ్ రేంజ్ పనికి తగిన స్కోప్‌కు 1,500 నుంచి 3,000 డాలర్లు. బాగా కనపడటం కోసమే అంత ధర అనుకుంటే పొరపాటు. స్కోప్ చేయాల్సిన అసలు పని లెక్క ప్రకారం కదలడం, తిరిగి అదే చోటుకు రావడం.

వంద గజాల దగ్గర సరిచేసిన 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ నుంచి బయల్దేరిన గుండు, 500 గజాలు చేరేసరికి గురి గీతకు సుమారు 1.4 మీటర్లు కిందికి పడిపోతుంది. అంటే రైఫిల్‌ను అంత మేర పైకి ఎత్తి కాల్చాలి. స్కోప్ మీది మీటను ఒక్కో టిక్కు తిప్పితే 100 మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు, 500 మీటర్ల దగ్గర ఐదు సెంటీమీటర్లు జరుగుతుంది. ముప్పై టిక్కులు పైకి తిప్పి, కాల్చి, ముప్పై టిక్కులు వెనక్కి తిప్పితే మొదటి చోటుకే రావాలి. వందలసార్లు. ప్రతి పేలుడుకూ స్కోప్ మొత్తం ఒక్క కుదుపు కుదుపుతుంది. చవక స్కోప్‌లోని మీట ముప్పై టిక్కులు తిప్పినా ఇరవై తొమ్మిదే కదిలితే, ఆ లోటు 500 మీటర్ల దగ్గర ఐదు సెంటీమీటర్ల తప్పుగా తేలుతుంది. తుపాకీ గురి అర ఎంఓఏకు తగ్గించి మిగుల్చుకున్నది ఇక్కడ ఆవిరైపోతుంది.

రేంజ్‌ఫైండర్ 500 నుంచి 1,000 డాలర్లు. విలాసంలా కనిపిస్తుంది గానీ ఈ పనికి తప్పనిసరి. జంతువు 550 గజాల్లో ఉంటే కంటి అంచనాతో 500 అనుకుని కాల్చితే గుండు పావు మీటరు కింద పడుతుంది. కాలికి తగిలి జంతువు పారిపోతుంది, లేదా అసలు తగలదు. స్కోప్‌ను పట్టి ఉంచే రింగులకు 150-250, రైఫిల్ ముందు భాగాన్ని నిలిపే కాళ్లకు 150-350 కలుపుకుంటే ఈ విభాగమే 2,300 నుంచి 4,600 డాలర్లు. ఇవన్నీ ఒకచోటే కూర్చి, సరిచేసి చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. వాటి ప్యాకేజీ ధర పది వేల డాలర్లు దాటుతుంది.

రసీదులో కనపడనివి

అమెరికాలో దాదాపు ప్రతి కొత్త రైఫిల్, తూటా ధరలో తయారీదారు కట్టే 11 శాతం ఎక్సైజ్ పన్ను కలిసి ఉంటుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. తుపాకులు కొనేవారి డబ్బుతో జింకల అడవులు నడవడం మన దగ్గరి చట్రంలో ఊహకందని ఏర్పాటు.

చప్పుడు తగ్గించే సప్రెసర్‌ది వేరే కథ. 1934 చట్టం దాని మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఆనాడు అది కొనకుండా ఆపేంత పెద్ద మొత్తం. తొంభై ఏళ్లు అంకె మారలేదు గనుక విలువ కరిగిపోయింది. 2025 జులైలో సంతకమైన చట్టంతో 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, నమోదు ప్రక్రియ మాత్రం కొనసాగుతోంది. సప్రెసర్ ధర 700-1,200 డాలర్లు కాబట్టి పన్ను పోవడం చిన్న తగ్గింపు కాదు. ముందు ముందు కస్టమ్ రైఫిల్ బిల్లులో ఇది మామూలు వరుసగా చేరిపోయే అవకాశం ఎక్కువ.

అందరూ మర్చిపోయేది తూటాల ఖర్చు. నాణ్యమైన 6.5 క్రీడ్‌మూర్ తూటా ఒక్కోటి డాలరున్నర నుంచి రెండు డాలర్లు, ఎక్కువ మందు పట్టే మాగ్నమ్ రకాలైతే అంతకన్నా ఎక్కువ. 500 గజాల దగ్గర నమ్మకంగా కాల్చగలిగే నైపుణ్యం కొన్ని వందల తూటాలు పేల్చకుండా రాదు. పేల్చిన కొద్దీ బ్యారెల్ అరుగుతుంది. క్రీడ్‌మూర్ బ్యారెల్ రెండు, మూడు వేల తూటాలకు, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటిది వెయ్యి, పదిహేను వందల తూటాలకు మొదటి పదును కోల్పోతుంది. మూడు వేల తూటాలంటే కనీసం 4,500 డాలర్లు, అంటే దాదాపు నాలుగు లక్షల రూపాయలు. ఒక్క బ్యారెల్ జీవితకాలంలో దానిగుండా పోయే తూటాల ఖర్చు దాదాపు ఇంకో కస్టమ్ రైఫిల్ ధర. వేరే రాష్ట్రం నుంచి ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లేవారికి లైసెన్సే చాలాచోట్ల 600 నుంచి 1,000 డాలర్లు.

గాలిని ఎవరూ అమ్మరు

500 గజాల దగ్గర గంటకు పది మైళ్ల పక్కగాలి గుండును అడుగుకు పైగా తోసేస్తుంది. గాలి వేగాన్ని నాలుగు మైళ్లు తప్పుగా అంచనా వేస్తే చాలు, అర ఎంఓఏ రైఫిల్‌కూ ఒక ఎంఓఏ రైఫిల్‌కూ ఉన్న తేడా కంటే పెద్ద తప్పు జరిగిపోతుంది. కొండలోయలో కాల్చేచోట ఒక గాలి, మధ్యలో ఒకటి, జంతువు దగ్గర ఇంకొకటి వీస్తుంటాయి. ఏ విడిభాగం కొన్నా దీనికి మందు లేదు.

గాలి సాంద్రత సంగతి కూడా ఉంది. సముద్రమట్టానికి ఉన్న విశాఖలో 30 డిగ్రీల రోజున ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.15 కిలోలు. 1,600 మీటర్ల ఎత్తున్న అమెరికా నగరం డెన్వర్‌లో చల్లని రోజున కూడా కిలోకు కాస్త అటూ ఇటూ. ఒకే తూటా అక్కడ తక్కువ నిరోధంతో పోతుంది, తక్కువ పడుతుంది. ఉక్కపోత రోజున గాలి బరువుగా ఉంటుందని మన ఒళ్లు చెబుతుంది గానీ భౌతికశాస్త్రం ఒప్పుకోదు. నీటి ఆవిరి అణువు, గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక. కాబట్టి తేమ గాలి పొడి గాలి కన్నా కొంచెం పలచన.

వీటన్నిటికీ మించిన హద్దు కాలం. 500 గజాలు దాటడానికి గుండుకు 0.6 సెకనుకు పైగా పడుతుంది. మేస్తున్న జంతువు ఒక అడుగు ముందుకు వేయడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. థియొడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, జంతువు పసిగట్టలేనంత దూరం నుంచి కాల్చడం న్యాయమైన వేట కాదనే వైఖరి తీసుకుంది. వేటగాళ్ల సంస్థే ఈ మాట అనడం గమనించదగ్గది. రైఫిల్ 1,000 గజాలు కొట్టగలదన్న ప్రకటనకూ, ప్రాణి మీద ఆ దూరంలో కాల్చవచ్చన్న భావనకూ మధ్య ఉన్న ఎడం ధరల పట్టికలో కనిపించదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

ఇక్కడి తల్లిదండ్రులకు, అక్కడి పిల్లలకు అంతగా తెలియని నిబంధన ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వలసేతర వీసాలతో వెళ్లినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. తుపాకీ నేరం దేశం నుంచి పంపించివేయడానికీ కారణమవుతుంది. స్నేహితుడి తుపాకీతో సరదాగా రేంజ్‌లో దిగిన ఫొటో కూడా ఈ చట్టం చూపులో అమాయకమైనది కాదు.

బ్యారెల్, యాక్షన్ లాంటి భాగాలను సూట్‌కేసులో వేసుకుని విశాఖకు తెచ్చే ఆలోచన రెండు దేశాల్లోనూ ఇబ్బందే. తుపాకీ భాగాల ఎగుమతికి అక్కడి వాణిజ్య శాఖ లైసెన్సు కావాలి. మన ఆయుధాల చట్టం, 1959 అయితే తుపాకీ భాగాలనూ తుపాకీగానే చూస్తుంది. చప్పుడు, మెరుపు తగ్గించే పరికరాలకూ అదే నిర్వచనం. అక్కడ పన్ను పోయిందని సంబరంగా కొన్న సప్రెసర్, ఇక్కడ దిగితే దానంతటదే ఒక తుపాకీ.

విశాఖలో ఇదే రైఫిల్

ఆటోనగర్ లేత్ వర్క్‌షాపుల్లో ఓడల విడిభాగాల నుంచి పంపుల షాఫ్టుల దాకా తయారవుతాయి. పనితనానికి కొరత లేదు. బెంగళూరుకు చెందిన ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ .338 లాపువా మాగ్నమ్ స్నైపర్ రైఫిల్‌ను దేశంలోనే రూపొందించి తయారు చేసింది. కానీ అది సైన్యాల కోసం. పౌరుడి కోసం లైసెన్సు లేకుండా తుపాకీ చేసినా, మార్చినా, మరమ్మతు చేసినా ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. అదే సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు దించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

లైసెన్సు నగరంలో పోలీస్ కమిషనర్ పరిధిలోది. అది వచ్చినా ఏ తుపాకీ అయినా కొనుక్కునే వీలుండదు. .303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాలు పేల్చగల రైఫిళ్లు నిషిద్ధ బోరు (బోరు అంటే బ్యారెల్ రంధ్రం కొలత). అమెరికాలో చవకగా దొరికే .308 తూటా రైఫిల్ దీంతోనే పోయింది. ఈ ఆలోచన బ్రిటిష్ కాలానిది. దొంగిలించిన సైనిక తూటాలు పౌరుల తుపాకుల్లో పనికి రాకూడదని తెల్లదొరలు .303ను దూరంగా ఉంచారు. 1907 ప్రాంతంలో .450 బోరును భారత్, సూడాన్‌లలో ఆపితే, ఇంగ్లండ్ తుపాకీ కంపెనీలు వెంటనే .470 లాంటి కొత్త కొలతలు కనిపెట్టి అమ్మకాలు సాగించాయి. ఆ కాలపు నీడలోనే మన ప్రభుత్వ కర్మాగారాల .315 రైఫిల్ ఇప్పటికీ నడుస్తోంది. దాంతోపాటు 1906 నాటి అమెరికన్ తూటా .30-06 పేల్చే రైఫిల్ కూడా ఇక్కడ తయారవుతుంది. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. వందల తూటాలతో సాధన చేయడమన్న మాటే అక్కడ ఆగిపోతుంది. ఎన్నికల కోడ్ వస్తే చాలా సందర్భాల్లో తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలి.

వేట సంగతి సరేసరి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. చంపే ప్రయత్నం కూడా ఆ చట్టంలో వేటే. 2022 సవరణతో సాధారణ ఉల్లంఘనలకు జరిమానా గరిష్ఠంగా 25 వేల నుంచి లక్షకు పెరిగింది. ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. ఊరి పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యం అంచుల్లో చిరుతలు, అడవిపందులు ఇళ్ల దాకా వచ్చిన సందర్భాల్లోనూ నిర్ణయం అటవీ శాఖదే. పంటలకు నష్టం చేసే అడవిపందుల విషయంలో కొన్ని రాష్ట్రాలు లైసెన్సున్న షూటర్లను అనుమతిస్తున్నాయి. కేరళ 2022లో ఆ అధికారం స్థానిక సంస్థలకే ఇచ్చింది. అయితే చేను గట్టున చీకట్లో, దగ్గర నుంచి జరిగే ఆ పనికి ఐదొందల గజాల రైఫిల్ అవసరమే రాదు.

మన్యంలో పరిస్థితి దీనికి పూర్తిగా అవతలి కొసన ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా గూడేల్లో మందుగుండు కూరి పేల్చే నాటు తుపాకులు పోలీసులకు అప్పగించాలన్న పిలుపులు తరచూ వినిపిస్తాయి. వాటిని ఉంచుకోవడమూ అదే ఆయుధాల చట్టం కింద నేరమే.

గురి మీద ఇష్టం ఉన్నవారికి

దిగుమతి దారి పేరున్న షూటర్లకు కొన్ని సడలింపులతో తెరిచి ఉంది. ఆ స్థాయికి చేరాలంటే పోటీల్లో స్కోర్లు చూపాలి. మొదటి మెట్టు పది మీటర్ల ఎయిర్ రైఫిల్. ఆయుధాల నిబంధనలు, 2016 ప్రకారం .177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి ఎనిమిది జౌళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం ఈ విభాగంలోనే. దిగుమతి చేసుకున్న జర్మన్ రైఫిల్ మూడు లక్షల చుట్టుపక్కల పడుతుంది. అమెరికాలో అదే డబ్బుకు యాక్షన్, బ్యారెల్, స్టాక్ వస్తాయి గానీ స్కోప్‌కు మిగలదు. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. గదిలో గాలి వీయదు, స్కోప్‌కు అనుమతి లేదు, ఛర్రా ఖర్చు కొద్ది రూపాయలే. పైన చెప్పిన లెక్కలోని మనిషి తప్పు ఇక్కడ రోజూ తగ్గించుకోవచ్చు.